దుప్పటి కింద ఎర్ర కార్డు

ఇమ్మానుయేల్ గురించి నాలుగు మంచి మాటలు రాసివ్వమని టోర్నమెంటు కమిటీ వాళ్లు అడిగారు. సన్మాన సంచికలో వేస్తారట. నరసరావుపేటలో అక్షరం ముక్క వచ్చినవాళ్లే కరువైనట్టు నన్నే అడగాలా? "మీరిద్దరూ ఒకే బ్యాచ్ కదా పుల్లారావు గారూ, ఆయన సంగతి మీకు తెలిసినంతగా ఎవరికి తెలుసు?" అన్నారు. ఆ మాట మాత్రం నిజం. అతని నడక, అతని విజిలు, పరుగు మొదలుపెట్టే ముందు సాక్సులు పైకి లాక్కునే తీరు నాకు తెలిసినంతగా అతన్ని కట్టుకున్న మనిషికి కూడా తెలియవు. ఇష్టమున్నవాళ్లు అప్పుడప్పుడు చూస్తారు. కళ్లు కుట్టినవాడు రెప్ప వెయ్యకుండా చూస్తాడు. నేను ఆ రెండో రకం మనిషిని కాబట్టి రాస్తానని ఒప్పుకున్నాను.

అతనిది మాచర్ల అవతల, నాపరాళ్ల గనుల పక్క పల్లె. తండ్రి గనిలో రాయి కొట్టేవాడు. తల్లి చెన్నమ్మ మిరప కోతలకు పోయేది. రాయి తీసేసిన చదునులో పిల్లలంతా బంతి ఆడేవాళ్లు. అక్కడ కింద పడ్డవాడికి మోకాళ్ల మీద తోలు మిగలదు. అందుకని పడకుండా బంతి పట్టడం నేర్చుకుని గోల్‌కీపర్ అయ్యాడట. ఈ కథ అతను ఎవరికీ చెప్పుకోడు, అడిగితేనే చెబుతాడు. నేనైతే అడక్కముందే చెప్పుకునేవాణ్ని.

మాది ఈపూరు. పొలం, ట్రాక్టరు, పొద్దున్నే అరుగు మీద చేరి మండల రాజకీయం నడిపే పెద్దలు, అన్నీ ఉన్న ఇల్లు. వ్యాయామ ఉపాధ్యాయుల ట్రైనింగులో ఇమ్మానుయేల్‌దీ నాదీ పక్కపక్క మంచాలు. నాకు గుంటూరులో కొన్న కొత్త బూట్లు ఉండేవి. అతను ఎవరో వదిలేసిన బూట్లకు సైకిలు ట్యూబు ముక్క అంటించుకుని ఆడేవాడు. ట్రైనింగు చివర మమ్మల్ని రెండు జట్లు చేసి ఫైనల్ పెట్టారు. మా నాన్న ట్రాక్టరు నిండా మనుషుల్ని ఎక్కించుకుని నా ఆట చూడ్డానికి వచ్చాడు. ఆఖర్లో మాకు పెనాల్టీ వచ్చింది, కొట్టింది నేను. అవతల గోల్‌లో ఇమ్మానుయేల్. బంతిని చేత్తో తోసేస్తే చాలు, ఎవరూ ఏమీ అనరు. అతను దాన్ని పట్టుకున్నాడు. పట్టుకుని, నా దగ్గరికి వచ్చి, బంతి నా చేతిలో పెట్టి, "మంచి షాటన్నా" అన్నాడు. తిరిగి వెళ్లేటప్పుడు ట్రాక్టరులో ఈపూరు దాకా అందరూ అతని గురించే మాట్లాడారు. మా నాన్న కూడా.

తర్వాత ఇద్దరం ప్రభుత్వ బళ్లలో డ్రిల్లు మాస్టర్లమయ్యాం. అతను గురజాల వైపు, నేను నరసరావుపేట వైపు. రిఫరీ పరీక్ష కూడా ఒకేసారి పాసయ్యాం. ఈ పల్నాడులో క్రికెట్టు, కబడ్డీ తప్ప ఇంకో ఆట ఉందని చాలామందికి తెలియదు కాబట్టి ఫుట్‌బాల్ ఎక్కడ పెట్టినా మేమిద్దరమే రిఫరీలం. అంటే ఎక్కడికి వెళ్లినా నాకు అతని మొహం తప్పదన్నమాట.

అతను ఎర్ర కార్డు చూపించే పద్ధతి గురించి తప్పకుండా రాయమన్నారు. రాస్తాను. మాలాంటివాళ్లం జేబులోంచి కార్డు లాగి, వినుకొండ దాకా కనపడాలన్నట్టు చెయ్యెత్తుతాం. అతను అలా కాదు. ముందు ఆటగాడి దగ్గరికి నడిచి వెళ్తాడు. చెవి దగ్గర ఏదో చిన్న మాట అంటాడు. ఆ తర్వాత కార్డు తీస్తాడు. ఎంత పోకిరీ అయినా తల వంచుకుని బయటికి పోతాడు. కొన్నాళ్లకు ఆ పోకిరీయే శుభలేఖ పట్టుకుని అతని ఇంటికి వస్తాడు, "సార్, మీరు తప్పకుండా రావాలి" అంటూ. నేను కార్డు చూపిస్తే మా అమ్మను తిడతారు. బజార్లో ఎదురుపడితే పక్క సందులోకి తిరుగుతారు.

ఆ చెవిలో మాట ఏమిటో తెలుసుకోవాలని నాకు చాలా ఏళ్లు నిద్ర పట్టలేదు. చివరికి అలా బయటికి పోయిన ఒక ఆటగాణ్ని పట్టుకుని అడిగాను.

"ఏందిరా, సారు నీ చెవిలో ఏమన్నాడు?"

"ఎండ చానా ఉంది, నీళ్లు తాగి నీడలో కూచో నాయనా అన్నాడు సార్."

ఇంతేనా అనుకున్నాను. ఆ తర్వాతి ఆదివారం నేనూ ఒకడి చెవి దగ్గర వంగి అదే మాట అన్నాను. వాడు, "బయటికి పంపేదిగాక ఎగతాళా సార్?" అని నా చొక్కా పట్టుకున్నాడు. మా ఆవిడ సుశీల ఆ చొక్కా గుండీలు కుడుతూ, "ఇమ్మానుయేలన్నయ్య చొక్కా ఎప్పుడన్నా చిరిగిందా? నువ్వేందయ్యా, ఈ వయసులో కొట్లాటకి పోయిన పిల్లోడి మాదిరి వస్తావు?" అంది. ఇంట్లో కూడా అతనే.

ఈ ఏడాది సంగతికి వస్తాను. రాష్ట్రస్థాయి పోటీలకు మన జిల్లా నుంచి ఒక్క రిఫరీని తీసుకుంటామని కబురు వచ్చింది. నాకు ఇదే ఆఖరి అవకాశం, వచ్చే ఏడాదికి వయసు దాటిపోతుంది. ఇమ్మానుయేల్ నాకంటే చిన్నవాడు, అతనికి ఇంకా సమయం ఉంది. తెల్లవారకముందే లేచి కోటప్పకొండ రోడ్డు మీద పరిగెత్తాను, పెరుగు మానేశాను, మోకాలికి నూనె రాయించుకున్నాను. నాకు కావలసింది పెద్దదేమీ కాదు. ఒక్కసారి, ఒక్కటంటే ఒక్కసారి, ఇమ్మానుయేల్ పేరు లేని చోట నా పేరు మైకులో వినపడాలి.

ఎంపిక మా నరసరావుపేట టోర్నమెంటులో జరగాలని నిర్ణయించారు. పరిశీలకురాలిగా విజయవాడ నుంచి జ్యోతిర్మయి గారు వచ్చారు. ఆవిడ ఒకప్పుడు ఆడిన మనిషి. పోయినేడు ఫైనల్లో ఒక ఎర్ర కార్డు దగ్గర గొడవై షామియానా కుర్చీలన్నీ మైదానంలోకి ఎగిరాయి. ఆ కార్డు చూపించింది నేనే, ఆ సంగతి ఇక్కడ అనవసరం. దాంతో ఈసారి కమిటీ వాళ్లు వీడియో పెట్టారు. టీవీలో చూస్తాం కదా, రిఫరీ చేతులతో గాలిలో డబ్బా గీసి తెర దగ్గరికి పరిగెత్తుతాడు, అదే పద్ధతి. ఒక రిఫరీ మైదానంలో ఉంటాడు, ఇంకొకడు తెర ముందు కూర్చుంటాడు. పెద్ద తప్పు కనపడితేనే తెర ముందు ఉన్నవాడు మైదానంలో ఉన్నవాణ్ని పిలవాలి. ఆఖరి మాట మాత్రం మైదానంలో ఉన్నవాడిదే, అది అతనే మైకులో చెప్పాలి.

కెమెరాలకు సర్దార్‌ను మాట్లాడారు. సర్దార్ పెళ్లిళ్లకు వీడియో తీస్తాడు, ఎడ్ల బండలాగుడు పందేలకు లైవ్ పెడతాడు. మంచె మీద ఒక కెమెరా, గోల్ వెనక ఒక కెమెరా, జనానికి పెద్ద ఎల్‌ఈడీ తెర, రిఫరీలకు ఒక టీవీ. మన ఎండలో టీవీలో ఏమీ కనపడలేదు. అప్పుడు సర్దార్ రెండు వెదురు బొంగులు పాతి, టీవీ మీద, మనిషి మీద కలిపి నల్ల దుప్పటి కప్పాడు. లోపల కూర్చుంటే ఇడ్లీ పాత్రలో కూర్చున్నట్టే ఉంటుంది.

ఇంకో ఇబ్బంది ఉంది. సర్దార్ చెయ్యి పెళ్లిళ్లకు అలవాటుపడ్డ చెయ్యి. వెనక్కి తిప్పి చూపించమంటే చాలు, దానంతటదే నిదానం అయిపోతుంది. అతని వీడియోలో తలంబ్రాలు నెత్తిమీద పడే లోపు మనం భోజనం చేసి రావచ్చు. మొదటి రోజు ఒక గోలు మళ్లీ చూపించమంటే తెర మీద గులాబీ రేకులు రాలాయి. జనం ఈలలు వేశారు. "సర్దారూ, ఆ పూలు తియ్యవయ్యా" అని జ్యోతిర్మయి గారే లేచి చెప్పాల్సి వచ్చింది. పూలు తీశాడు, నిదానం మాత్రం తియ్యలేదు.

సెమీఫైనల్లో నేను మైదానంలో, ఇమ్మానుయేల్ దుప్పటి కింద. అతను నన్ను ఒక్కసారీ పిలవలేదు. నేను తప్పు చెయ్యలేదో, చేసినా అతను కడుపులో పెట్టుకున్నాడో తెలియదు. రెండూ నాకు కంటగింపుగానే ఉన్నాయి. ఫైనల్‌కు తారుమారైంది. అతను మైదానంలో, నేను దుప్పటి కింద.

ఫైనల్ మాచర్ల జట్టుకూ నరసరావుపేట జట్టుకూ మధ్య. మధ్యాహ్నం ఎండ. మైదానంలో గడ్డి పేరుకు కూడా లేదు, అంతా దుమ్ము. నరసరావుపేట కార్తీక్ ఎడమ పక్క నుంచి బంతి తీసుకుని పరిగెత్తుతున్నాడు. మాచర్ల చైతన్య పక్క నుంచి జారుతూ వచ్చి కాలు పెట్టాడు. దుమ్ము లేచింది. కార్తీక్ కేక పెట్టి మూడు పల్టీలు కొట్టాడు. ఇమ్మానుయేల్ విజిల్ ఊది ఎర్ర కార్డు ఎత్తాడు.

అందులో ఏదో తేడా ఉందని నేను టీవీలో చూడలేదు, విన్నాను. ఇమ్మానుయేల్ కళ్లతో చూసి ఊదితే విజిలు పొట్టిగా తెగుతుంది. సరిగ్గా చూడకుండా ఊదితే చివర కొంచెం సాగుతుంది, ధైర్యం కూడదీసుకుంటున్నట్టు. ఈ సంగతి అతనికే తెలియదు. ఆ రోజు విజిలు సాగింది. దుప్పటి ఎత్తి బయటికి తొంగి చూశాను. అతను చైతన్య దగ్గరికి నడవలేదు, చెవిలో మాట అనలేదు. దూరం నుంచే కార్డు ఎత్తి నిలబడ్డాడు, అచ్చం నాలాగా. చైతన్య గీత బయట కూర్చుని మోకాళ్లలో మొహం దాచుకున్నాడు.

ఇమ్మానుయేల్ చూడలేదు. చూడకుండా ఇచ్చాడు.

ఈలోపు సర్దార్ ఎల్‌ఈడీ తెర మీద తన పెళ్లి మొదలుపెట్టాడు. చైతన్య బూటు మెల్లగా, మెల్లగా గాల్లో తేలి వచ్చింది. అడుగున మేకులు ఒక్కొక్కటీ కనపడ్డాయి. కార్తీక్ పిక్క మీద అవి ఆనాయి, పిక్క లోపలికి నొక్కుకుపోయింది, మొహం వంకరైంది. జనమంతా "అబ్బా!" అన్నారు. మాచర్ల వాళ్లు కూడా నోరు మూసుకున్నారు.

"చూసేదేముంది మాస్టారూ, నిఖార్సైన రెడ్ కార్డే" అన్నాడు సర్దార్.

అక్కడే ఉంది తిరకాసు. ఎర్ర కార్డుకు చూడాల్సింది కాలు తగిలిందా లేదా అన్నది ఒక్కటే కాదు, ఎంత బలంగా తగిలింది అన్నది. నిదానం చేస్తే బలం కనపడదు. ఎంత చిన్న తాకిడైనా పగబట్టి, ఆలోచించి, కావాలని తొక్కినట్టే ఉంటుంది. నేను ఊరుకుంటే ఇమ్మానుయేల్ తప్పు ఆ నిదానం చాటున హాయిగా దాక్కుంటుంది. వేదిక మీద జ్యోతిర్మయి గారు కూడా సరే అన్నట్టు తలాడిస్తున్నారు.

"ఒరేయ్ సర్దారూ, నీ పెళ్లి ఆపి మామూలుగా తిప్పు" అన్నాను.

మామూలు వేగంలో అంతా కళ్లు మూసి తెరిచేలోపు అయిపోయింది. చైతన్య కాలు బంతి మీద పడి ఆగింది. మోకాలు వంగే ఉంది, కాల్లో బలం లేదు. పరుగు మీద ఉన్న కార్తీక్ పిక్క వచ్చి దానికి తగిలింది. ముందూ వెనకా చూసుకోకుండా వచ్చాడు కాబట్టి పసుపు కార్డు, అంటే హెచ్చరిక చాలు. ఎర్ర కార్డు కానే కాదు.

పిలిచాను. న్యాయం కోసం పిలిచానని సంచికలో రాస్తే బాగుంటుంది. రాయను. ఇన్నేళ్లకు ఇమ్మానుయేల్ తప్పు చేశాడు, అది ఊరందరి ముందూ, జ్యోతిర్మయి గారి ముందూ తేలాలి, అందుకోసం పిలిచాను. ఆ కుర్రాడు మళ్లీ ఆడతాడన్న ఆలోచన కూడా వచ్చింది, కానీ తర్వాత వచ్చింది.

అతను గాలిలో డబ్బా గీసి పరిగెత్తుకుంటూ వచ్చి దుప్పటి కింద దూరాడు. ఇద్దరం ఒక బెంచీ మీద, భుజం భుజం రాసుకుంటూ కూర్చున్నాం. ట్రైనింగు రోజుల తర్వాత అంత దగ్గరగా కూర్చోవడం అదే.

"ఏందన్నా?"

"చూడు."

మామూలు వేగంలోనే చూపించాను. రెండోసారి అడిగాడు, మళ్లీ చూపించాను. అతని గడ్డం మీంచి చెమట నా చేతి మీద పడుతోంది.

"నేను చూళ్ళేదన్నా," అన్నాడు. "వేరే పిల్లోడు అడ్డమొచ్చాడు. ఆ కేక విని, పడ్డ తీరు చూసి ఇచ్చా."

"తెలుసు."

"ఎట్టా తెలుసు?"

"నీ విజిలు సాగింది. వాడి చెవిలో మాట చెప్పకుండానే కార్డు తీశావు."

ఆ చీకట్లో అతను నా వైపు తిరిగాడు. నవ్వబోయి మానుకున్నట్టు అనిపించింది. నాకు మాత్రం లోపల తిరునాళ్లలా ఉంది. కార్డు మార్చుకుంటాడు, సరే. కానీ చూడకుండా ఇచ్చాడన్న సంగతి అతనికీ నాకూ మధ్యే ఉంటుంది. జన్మంతా ఉంటుంది. ఇక ఎక్కడ ఎదురుపడినా అతని తల నా ముందు ఒక వెంట్రుకవాసి వంగాలి. దానితోనే నా మిగతా వయసు వెళ్లిపోతుంది అనుకున్నాను.

అతను బయటికి వెళ్లి మైకు అందుకున్నాడు. ఎర్ర కార్డు తీసేసి పసుపు కార్డు ఇస్తున్నానని చెబితే చాలు. రూల్లో ఉన్నది అంతే.

"అందరికీ నమస్కారం," అన్నాడు. "నేను కళ్లారా చూడకుండా రెడ్ కార్డు ఇచ్చా. వీడియోలో చూస్తే అది పసుపు కార్డే. ఆ పిల్లోడి తప్పు కొంచెం, నా తప్పు చానా. చైతన్యా, లోపలికి రా నాయనా."

చైతన్య గీత బయటి నుంచి లేచాడు. తర్వాత చప్పట్లు. మాచర్ల వాళ్లు కొట్టారు, నరసరావుపేట వాళ్లు కొట్టారు, పోయినేడు నా మీద కుర్చీలు విసిరినవాళ్లు లేచి నిలబడి కొట్టారు. చైతన్య పరిగెత్తుకుంటూ వచ్చి అతని చెయ్యి పట్టుకున్నాడు. తప్పు చేసినవాడికి అన్ని చప్పట్లు. తప్పు పట్టినవాడు దుప్పటి కింద ఉడుకుతున్నాడు. నా చేతికి దొరికిన ఒకే ఒక్క ఆయుధాన్ని కూడా అతను మైకులో ఊరందరికీ పంచిపెట్టేశాడు. ఏడుపొచ్చింది. నిజంగానే వచ్చింది, చెమట అనుకుని సర్దార్ తన తువ్వాలు ఇచ్చాడు.

మ్యాచ్ నరసరావుపేట గెలిచింది, కార్తీక్ గోలు కొట్టాడు. బహుమతులయ్యాక జ్యోతిర్మయి గారు మా ఇద్దర్నీ వేదిక వెనక్కి పిలిచారు.

"పుల్లారావు గారూ, ఆ స్లోమోషన్ చూసి నాతో సహా అందరికీ రెడ్ అనిపించింది. మీకు ఎందుకు అనిపించలేదు?"

విజిలు సంగతి ఆవిడకు ఎలా చెప్పను? "నిదానంలో బలం తెలియదు మేడమ్" అన్నాను.

ఆవిడ తలాడించారు. "రాష్ట్ర పోటీలకు రిఫరీగా ఇమ్మానుయేల్ గారు వస్తున్నారు" అన్నారు. నా మోకాలు, మానేసిన పెరుగు, కోటప్పకొండ రోడ్డు, అన్నీ ఒక్కసారి గుర్తొచ్చాయి. ఆవిడ ఇంకా చెబుతున్నారు. "ఈసారి అక్కడా వీడియో పెడుతున్నాం. తెర ముందు మీరు కూర్చోవాలి. దానికి ఈ వయసు నిబంధన లేదు, ఇంకా చాలా ఏళ్లు చెయ్యొచ్చు. మిమ్మల్నే కూర్చోబెట్టమని ఇమ్మానుయేల్ గారే అడిగారు."

ఆవిడ కారెక్కేదాకా ఆగాను. తర్వాత అతని మీద విరుచుకుపడ్డాను.

"నేనడిగానా నిన్ను? నీ దయ నాకెందుకయ్యా? పట్టుకున్న బంతి నా చేతిలో పెట్టి మంచి షాటన్నా అంటావు, ఇదీ అంతేగా?"

అతను బూట్ల లేసులు విప్పుకుంటూ వేదిక మెట్టు మీద కూర్చున్నాడు. కోపం రాలేదు. అతనికి రాదు, అదీ నాకు మంటే.

"దయ ఏందన్నా? నా తప్పు నీకు కనపడ్డట్టు ఇంకెవరికి కనపడుద్ది? ట్రైనింగు నాటి నుంచి నీ చూపు నా వీపు మీదే ఉంది, నాకు తెలవదా? ఏ గ్రౌండులో దిగినా పుల్లారావన్న చూస్తన్నాడనే ఒళ్లు దగ్గర పెట్టుకుని పరిగెత్తా. ఆ భయమే లేకపోతే నేను ఇట్టాంటి రిఫరీనయ్యేవాణ్నా?"

ఇన్నేళ్లుగా నేను దాచుకున్నానని అనుకున్నదంతా అతని దగ్గరే ఉంది. పైగా దాన్ని అతను వాడుకున్నాడు, బాగుపడ్డాడు. అంటే ఆ శుభలేఖల్లో, ఆ చప్పట్లలో సగం నావన్నమాట.

ఇంటికి వచ్చి సుశీలకు చెప్పాను. కళ్లు తుడుచుకుంది. "ఎంత మంచి మాటన్నాడయ్యా ఆ మనిషి!" అంది.

అవును, మంచి మాటే. సంచికకు రాయాల్సిన నాలుగు మాటల్లో అదే అన్నిటికన్నా మంచిది. అది కూడా అతనే అన్నాడు.